హ్యాష్ పెట్టని టీ

మనిషికి పుట్టినరోజు ఒకటే ఉంటుందని అందరూ అనుకుంటారు. నాకు రెండున్నాయి. మొదటిది మా అమ్మ చెప్పినది. రెండోది, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక స్వీట్ల కొట్టు పైన ఉండే మా లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో, నల్లటి తెర ముందు నన్ను కూర్చోబెట్టి "ఇది లినక్స్ అండీ, దీనికి మౌసుతో పనిలేదు" అని ఒకాయన చెప్పిన రోజు. (సోమవారం, దశమి.) మొదటి లెక్క ప్రకారం నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి నాకు నలభై ఆరేళ్ళు. రెండో లెక్క ప్రకారం మూడేళ్ళు కూడా నిండలేదు. కాబట్టి దీన్ని నా చిన్ననాటి ముచ్చటగా చెప్పుకుంటే పాఠకులు తప్పుపట్టరనే అనుకుంటున్నాను. ఆ రోజుల్లో నాది పసిపిల్ల వరసే. పడేదాన్ని, లేచేదాన్ని, కనిపించిన ప్రతి మీటా నొక్కి చూసేదాన్ని, ఏదైనా పలికితే ఇంట్లో అందరికీ చెప్పి విసిగించేదాన్ని.

అంతకుముందు అదే ఆఫీసులో అకౌంట్సు రాసేదాన్ని. కంప్యూటర్లు చూసే అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోతే, కొత్తవాణ్ణి వెతికేదాకా కాస్త చూడమని ఆ పని నాకు అప్పగించారు. వెతకడం ఎవరూ మొదలుపెట్టలేదు. అలా నేను 'రూట్' అయ్యాను. రూట్ అంటే ఆ మిషన్లో ఏ ఫైలునైనా తెరవగల, మార్చగల, తుడిచిపారేయగల మనిషి. అడ్డం వచ్చేవాళ్ళుండరు. (మా ఇంట్లో ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కకి జరపాలన్నా అత్తగారిని అడగవలసిన దాన్ని. ఆ అధికారం ఎంత తీయగా ఉండేదో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.)

అయితే అంత అధికారం ఇంకొకరి చేతిలో పెట్టి నిశ్చింతగా నిద్రపోయే మనిషి కాదు మా మేనేజరు. ఒకసారి ఎవరో గుడివాడ బుకింగుల ఫైలు తుడిచేశారు. నేను కాదంటే నేను కాదని అందరం కనకదుర్గమ్మ మీద ఒట్లు పెట్టాం. ఒట్లన్నీ విని ఆయన హైదరాబాదు హెడ్డాఫీసుకి ఫోను చేసి రికార్డింగు పెట్టించారు. రూట్‌గా లోపలికి వెళ్ళిన క్షణం నుంచి బయటికి వచ్చేదాకా తెర మీద ఏం కనిపించినా ఒక ఫైల్లోకి ఎక్కుతుంది. కావాలన్నప్పుడు దాన్ని మళ్ళీ వేసి చూసుకోవచ్చు. "రాసిన ముక్క ఒక్కటే కాదు మేడమ్ గారూ, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంతసేపు ఆగారో అది కూడా పడుద్ది. మనిషి మన ముందు కూర్చుని కొడతన్నట్టే ఉంటది. మాట అబద్ధం చెప్పుద్ది గానీ రీలు చెప్పదు" అని ఆయన మాకు పాఠం చెప్పారు. ఆ పూట నుంచి ఆయన పేరు రీలు సారు. (నా పేరు అంతకు చాలా ముందు నుంచే పంచాంగం. ఎదుటివాళ్ళు తేదీ గానీ వారం గానీ తప్పు చెబితే ఊరుకోలేకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.)

నాకు సాయానికి ఒక అమ్మాయిని ఇచ్చారు. గుణదలలో మేరీమాత కొండ కింద వాళ్ళిల్లు. అందుకని ఆఫీసులో అందరికీ ఆమె గుణదల పిల్ల. చేరిన మొదటిరోజు నన్ను "ఆంటీ" అంది. "ఇంకోసారి ఆ మాటన్నావంటే సర్వర్ రూములో పెట్టి తాళం వేస్తా" అన్నాను. అప్పటినుంచి "అక్కా" అయ్యాను. చురుకైన పిల్ల, చేతిలో పని ఆగేది కాదు, నోట్లో మాట అంతకన్నా ఆగేది కాదు. ఇంకా ప్రొబేషన్లోనే ఉంది. ఆ నెలాఖరుకి ఉద్యోగం ఖాయం చేస్తారో ఇంటికి పంపిస్తారో తేలాలి. చిక్కేమిటంటే, వాళ్ళమ్మ ఆగలేక చర్చిలో అందరికీ "మా అమ్మాయికి పర్మనెంటయిపోయింది" అని చెప్పేసుకుని, ఫాదర్ గారి చేత ప్రార్థన కూడా చేయించేసింది. "ఇప్పుడు నాకు పర్మనెంటు కాకపోతే దేవుడికి కూడా మాట పోద్దక్కా" అనేది ఈ పిల్ల.

సర్వర్ రూము అంటే అద్దాల గది. పూజ గదికి లాగే చెప్పులు బయట విప్పి వెళ్ళాలి. లోపల ఏసీ హోరు. తలుపు తెరిచి మాట్లాడితే "చల్లదనం పోతంది, తలుపెయ్యండి!" అని కేబిన్లోంచి రీలు సారు కేక. లోపల ఆ పిల్ల, అద్దానికి ఇవతల నేను, పొద్దస్తమానం మూకాభినయం. అప్పుడు ఆమే ఒక ఉపాయం కనిపెట్టింది. మేమిద్దరం పనిచేసేది ఒకే తెర మీద. తన కంప్యూటర్లో తను కొట్టింది నా కంప్యూటర్లో నాకు కనిపిస్తుంది, నేను కొట్టింది తనకి కనిపిస్తుంది. ఇంకేం, కమాండ్ల మధ్యలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో కబుర్లు రాసుకోవడం మొదలుపెట్టాం. ఇందులో ఒకే ఒక జాగ్రత్త ఉంది. లైను మొదట్లో హ్యాష్ గుర్తు, అంటే అడ్డంగా రెండు నిలువుగా రెండు గీతల గళ్ళ గుర్తు పెడితే, మిషను ఆ లైను తనకి కాదని వదిలేస్తుంది. పెట్టకపోతే మనం రాసింది కమాండనుకుని వెతుకుతుంది. ఒకసారి ఆ పిల్ల హ్యాష్ మరిచిపోయి 'ఆకలేస్తోందక్కా' అని కొట్టింది. అటువంటి కమాండు లేదని మిషను జవాబిచ్చింది. 'చూశారా అక్కా, దీనికి ఆకలంటే తెలీదంట' అని మళ్ళీ రాసింది, ఈసారి హ్యాష్ పెట్టి. మాటకి ముందు హ్యాష్ అన్నది మాకు మాట చివర 'అండీ' లాగా అలవాటైపోయింది. ఇదంతా రికార్డవుతోందని తెలియక కాదు. తీయడం రీలు సారు సరదా గానీ, తీసిన రీలు కూర్చుని చూసే ఓపిక లోకంలో ఎవరికీ ఉండదని మా ధీమా.

ఇక ఆ మంగళవారం. (ఆ అమ్మాయి ఇప్పటికీ బుధవారమంటుంది. మంగళవారమే.) రీలు సారు పచ్చటి పసుపు చొక్కా, కాఫీపొడి రంగు టై కట్టుకుని వచ్చారు. మధ్యాహ్నం నేను తెర తెరిచేసరికి ఆ పిల్ల రాసి ఉంచింది: '# సార్ని చూశారా అక్కా, మామిడి ఐసు నడిచొచ్చినట్టు లేదూ?' నేను ఊరుకోవచ్చుగా. '# మరి పుల్ల ఏది?' అని రాశాను. '# మెడలో కట్టుకున్నారుగా!' అని వెంటనే జవాబు. అద్దానికి అటు ఆ పిల్ల, ఇటు నేను ఎవరి నోటికి వాళ్ళం చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. ఆ తర్వాత నాకు మచిలీపట్నం నుంచి ఫోనొచ్చింది. ఒక లారీ కంకిపాడు దగ్గర ఆగిపోయి, అందులో ఉన్న రొయ్యల పెట్టెల్లో ఐసు కరిగిపోతోందట. ఆ గొడవలో తెర వైపు చూడలేదు. కాసేపటికి కింది కొట్టు నుంచి టీలొచ్చాయి. అల్లం బాగా దంచి వేసిన టీ. ఆ పిల్ల నాకోసం చెప్పి ఉంటుందనుకుని సంతోషంగా తాగాను. ఆ పిల్ల బ్యాకప్ కమాండు కొట్టింది. మా బ్యాకప్ మొదలైతే సాయంత్రం దాకా నడిచేది, నడుస్తున్నంతసేపూ తెర మీద ఒక్క ముక్క రాయదు, మౌనవ్రతం. కాబట్టి ఆ పిల్ల తన డ్యూటీ దిగి ఇంటికెళ్ళింది. రోజూలాగే రీలు సారు పోతూపోతూ తెర మూసేశారు.

ఆ మరుసటి వారం శుక్రవారం హైదరాబాదు నుంచి ఆడిటరు వచ్చారు. బట్టతల, మెత్తటి గొంతు, కళ్ళజోడు పైనుంచి చూసే చూపు. గుణదల పిల్ల ప్రొబేషను కాయితాలు కూడా ఆయనే తెచ్చారు, సంతకం ఆయనదే. బ్యాకప్పులు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తానని మధ్యలోంచి ఒక రోజు ఎంచుకున్నారు. లోకంలో ఇన్ని రోజులుండగా ఆయన వేలు పోయి పోయి ఆ మంగళవారం మీద పడింది. ఆ రోజు బ్యాకప్ లేదు.

"ఆ పూట డ్యూటీ ఎవరిదండీ?"

"ఈ అమ్మాయిదే సార్" అన్నారు రీలు సారు.

"నేను కొట్టాను సార్. నాకు బాగా గుర్తు" అంది ఆ పిల్ల.

ఆడిటరు గారు పెన్ను మూత పెట్టేశారు. "మర్చిపోయానంటే వేరే సంగతి తల్లీ. వేయకుండా వేశానన్నవాళ్ళ కాయితం మీద నేనెట్లా సంతకం పెట్టను?"

"మాటలెందుకు సార్" అని రీలు సారు ఉత్సాహంగా కుర్చీలోంచి లేచారు. ఆయన జీవితంలో ఎదురుచూసిన రోజు వచ్చింది. "రీలుంది మన దగ్గర. ఏసి చూద్దాం. మేడమ్ గారూ, ఆ మంగళవారం మధ్యాహ్నం ముక్క తియ్యండి."

ఆ పిల్ల నా పక్కకి జరిగి, పెదాలు కదపకుండా, "వద్దక్కా. మర్చిపోయానని ఒప్పేసుకుంటా. అందులో మామిడి ఐసుంది" అంది.

"నువ్వు కొట్టావా, లేదా?"

"మేరీమాత తోడక్కా, కొట్టాను."

"అయితే మామిడి ఐసు సంగతి తర్వాత చూసుకుందాం."

"మీ ఉద్యోగం కూడా పోద్దక్కా!"

"పోతే పోనీ. నాకు అకౌంట్సు వచ్చు" అన్నాను. చాలా ధైర్యంగానే అన్నాను గానీ, ఇంట్లో అత్తగారికి ఏం చెప్పాలా అని అప్పుడే లోపల మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టాను.

తెర ముందు నాలుగు కుర్చీలు వేశారు. ఆఖరి ఆశగా, "అంతా చూస్తే పొద్దుపోతుందండీ, పదింతల వేగంతో వేస్తాను" అన్నాను. కబుర్లు రెప్పపాటులో దాటిపోతాయని నా ఎత్తు. "లేదు లేదు, అసలు వేగంలోనే రానీయండి. అదే దాని అందం" అన్నారు రీలు సారు. నేను కమాండు కొట్టాను. నల్లటి తెర మీద, ఎవరూ మీటలు ముట్టకుండానే, అక్షరాలు వాటంతటవే పడడం మొదలైంది. చకచకా హ్యాష్ పడింది. చకచకా మామిడి ఐసు పడింది. ఆడిటరు గారు వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, పైకే చదివారు: "నడి-చొచ్చి-నట్టు... లేదూ?" తర్వాత నా పుల్ల. తర్వాత మెడలో టై. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "చొక్కా మీదేనాండీ?" అని రీలు సార్ని అడిగారు. రీలు సారు తెరని తప్ప ఇంకెవరినీ చూడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. (ఒక వింత నాకు అప్పుడే తట్టింది. ఆ మంగళవారం తర్వాత ఆయన టై కట్టుకోగా చూడలేదు. ఎండలనుకున్నాను.)

తెర కాసేపు ఊరుకుంది. ఆ తర్వాత ఒక కొత్త లైను మొదలైంది. ముందు హ్యాష్ లేదు. ఒక t. చాలాసేపు ఏమీ లేదు. ఒక e. మళ్ళీ ఏమీ లేదు. ఇంకో e. ఆపైన ఒక్కో అక్షరమూ కోటప్పకొండ మెట్లు ఎక్కుతున్నట్టు ఆయాసపడుతూ, ఆగుతూ, వచ్చి చేరింది: tee pampandi.

"టీ పంపండి" అని చదివారు ఆడిటరు గారు. "ఇదెవరు?"

"అక్క అడిగారనుకున్నా సార్. నేనే కిందికి ఫోన్ చేశా" అంది గుణదల పిల్ల.

"ఈ పిల్ల నాకోసం పంపిందనుకున్నానండీ" అన్నాను.

ఈలోగా తెర నడుస్తూనే ఉంది. '# చెప్పానక్కా, వస్తంది' అని ఆ పిల్ల జవాబు పడింది. కిందే అదే లైను రెండోసారి పడింది. తర్వాత బ్యాకప్ కమాండు, ఒక్క అక్షరం తప్పులేకుండా. కింద అది కూడా రెండోసారి. "చూశారా సార్! కొట్టాను!" అని ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది.

"కొట్టావు తల్లీ, కాదనను. రెండేసి సార్లు ఎందుకు పడుతోంది?"

"ఎంటరు మీట అతుక్కుపోయిందనుకున్నా సార్."

ఆడిటరు గారు ఒక నిమిషం తెరనే చూసి, ఆ తర్వాత తొడ మీద చరుచుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఆగి సంగతి చెప్పడానికి కొంత సమయం పట్టింది. ఆకలికి కమాండు లేదు గానీ, టీకి ఉందట! నీళ్ళ పైపుని రెండుగా చీల్చడానికి ప్లంబర్లు వేసే 'టీ' లాంటిది. ఆ కమాండు ఇచ్చి పక్కన ఒక పేరు రాస్తే, ఇక ఆపేదాకా మనం ఏం కొట్టినా ఒక పాయ తెర మీదకీ, ఇంకో పాయ ఆ పేరుగల ఫైల్లోకీ పోతుంది. పని మాత్రం ఏదీ జరగదు. వెతికితే నిజంగానే 'పంపండి' అన్న పేరుతో ఒక ఫైలు మా సర్వర్లో బుద్ధిగా కూర్చుని ఉంది. అందులో బ్యాకప్ కమాండు భద్రంగా ఉంది. పాపం ఆ పిల్ల కమాండు కొట్టింది, టీ దాన్ని తాగేసింది.

"మరి టీ అడిగిందెవరు?" అన్నారు ఆడిటరు గారు. నాకు తెలిసిపోయింది. గుణదల పిల్లకీ తెలిసిపోయింది. మా ఆఫీసులో రొయ్యల లారీల గుమాస్తా దగ్గర్నుంచి అందరూ పదివేళ్ళతో కాకపోయినా నాలుగు వేళ్ళతోనైనా కొట్టేవాళ్ళు. ఒక్క మనిషి మాత్రమే కుడిచేతి చూపుడువేలు గాల్లో పెట్టుకుని, మీటల మీద గద్దలా తిరిగి తిరిగి, అక్షరం దొరికాక ఒక్క పోటు పొడిచేవారు. పేరు చెప్పడానికి నోరు రాలేదు. "ఇంకోసారి వేయమంటారా అండీ?" అన్నాను.

వేశాను. t. ఆగింది. నలుగురం ఎదురుచూశాం. e. ఆగింది. గుణదల పిల్ల చూపు మెల్లగా తెర మీంచి జారి, పక్క కుర్చీలో మోకాలి మీద ఉన్న ఒక చూపుడువేలి దగ్గర ఆగింది. నేనూ అక్కడికే చూశాను. ఆడిటరు గారూ చూశారు. ఆఖరికి ఆ వేలుగల మనిషి కూడా దాన్నే చూసుకున్నారు.

"ఆపండి మేడమ్ గారూ" అన్నారు రీలు సారు. "అది నా వేలే."

ఆయనే చెప్పుకొచ్చారు. కేబిన్లో ఆయన కంప్యూటర్లోకి కూడా ఆ తెర వచ్చేదట, మొదటినుంచీ. మా కబుర్లన్నీ పడుతున్నవి పడుతున్నట్టే చదివేవారట. "తిడదామనే అనుకున్నా సార్ మొదట్లో. తర్వాత తర్వాత... కేబిన్లో ఒక్కణ్ణే కూర్చుంటా కదండీ. ఆ రోజు మామిడి ఐసు చదివి నవ్వాగలా. నేనూ ఒక ముక్క కలుపుదామనిపిచ్చింది. టీ అయితే గొడవుండదు గదా అని..."

"హ్యాష్ పెట్టాలి కదండీ!" అన్నాను, నాలో పంచాంగం ఊరుకోలేక.

"లైను ముందు మీరు పెట్టే ఆ గళ్ళాండీ? ఆడోళ్ళు కదా, ముగ్గేసుకుంటున్నారేమో అనుకున్నా!"

ఆడిటరు గారు ఆ నవ్వులోనే పెన్ను మూత తీశారు. సంతకం కాస్త వంకరగా పడింది గానీ పడింది. "తల్లీ, నీది పర్మనెంటు. మేనేజరు గారూ, ఈసారి టీ నోటితో చెప్పండి" అని రీలు సారు భుజం మీద చెయ్యేసి కిందికి తీసుకెళ్ళారు. మెట్లు దిగుతూ రీలు సారు "ఆ చొక్కా నిజంగా అంత పచ్చగా ఉంటదంటారా?" అని అడగడం మాకు వినిపించింది.

రీలు ఆపడం ఎవరికీ గుర్తులేదు. ఆ పిల్ల సంతోషంతో వాళ్ళమ్మకి ఫోను చేస్తుంటే, రీలు తనపాటికి తను నడుస్తూ, రొయ్యల ఫోను పెట్టేసి నేను మళ్ళీ తెర ముందుకి వచ్చిన చోటుకి చేరింది. పై లైన్లు సరిగ్గా చదవకుండానే నా వేళ్ళు నడవడం నేను చూశాను. '# బ్యాకప్ చక్కగా వేశావమ్మా, నీలాంటి పిల్ల దొరకడం నా అదృ' దాకా చకచకా వచ్చింది. ఆగింది. తర్వాత ఒక్కో అక్షరమే వెనక్కి తుడుచుకుపోయి, లైను ఖాళీ అయ్యింది. దాని స్థానంలో వచ్చింది, అదీ రెండుసార్లు: '# చెప్పులు అడ్డంగా విప్పావు. సరిగ్గా పెట్టు.' నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆపబోయాను గానీ ఆ పిల్ల నా వెనకే నిలబడి ఉంది.

"అది చెరిపేశాను కదే" అన్నాను.

"ఒకటే తెర కదక్కా" అంది అది. "మీరు కొడతంటేనే నాకు కనపడుద్ది. మీరెప్పుడూ అంతేగా. ముందు మంచిమాట రాస్తారు, చెరిపేస్తారు, ఆనక తిట్టు రాస్తారు. మీరు చెరిపేలోపు నేను చదివేసుకునేదాన్ని. లేకపోతే మీ దగ్గర ఇన్ని నెలలు ఎట్టా ఉంటాననుకున్నారు?"

ఇప్పుడు ఆ పిల్ల కింద పెద్ద బృందమే పనిచేస్తోంది. నాకు డెబ్బై దాటనే లేదు గానీ దగ్గర్లోనే ఉన్నాను. చేతిలో ఫోను, అందులో తెలుగు అక్షరాలే వస్తున్నాయి, హ్యాష్‌తో పనిలేదు. అయినా నలభై ఆరేళ్ళ ఆ పెద్దమనిషి, ఒక మంచిమాట బయటికి పోతుంటే ఎవరో దొంగ దొరికినట్టు పట్టుకుని తుడిచేసే ఆవిడ, నా వేలి కొసన ఇంకా కాపురముంది. మొన్న ఆ పిల్ల పుట్టినరోజుకి ఏదో నాలుగు ముక్కలు రాశాను, చదువుకున్నాను, మరీ కరిగిపోయినట్టుందనిపించి చెరిపేసి, 'శుభాకాంక్షలు. వేళకి తిను' అని రాయబోతున్నాను. ఫోను మోగింది. "ఏం రాస్తున్నారక్కా?" అంది ఆ పిల్ల.

"నేను రాస్తున్నట్టు నీకెట్లా తెలిసింది?" అన్నాను.

"ఇందాకట్నుంచీ టైపింగ్ అని వస్తంది, ఆగిపోతంది, మళ్ళీ వస్తంది" అంది నవ్వుతూ. "ఏం చెరిపేశారో అది చెప్పండక్కా ముందు."